ఆకుకా, చెట్టుకా?
(పెరటి గంజాయి మొక్క చుట్టూ అల్లుకున్న చట్టాల చరిత్ర)

తెలుగు పాఠం చెప్పుకునేవాడికి గంజాయి చట్టంతో ఏం పని అని ఈ వ్యాసం శీర్షిక చూడగానే కొందరు మిత్రులు అనుకోవచ్చు. ఆ పని నేను కోరి పెట్టుకున్నది కాదు. 2022 నవంబరులో ఒకరోజు మధ్యాహ్నం బెల్లు కొట్టిన తర్వాత పదో తరగతి అమ్మాయి ఒకతె స్టాఫ్‌రూము గుమ్మం దగ్గర నిలబడి, నాలుగు మడతలు పెట్టిన కాయితం నా చేతికిచ్చింది.

"సార్, ఇది చదివి చెప్పుండ్రి. మా ఇంట్ల ఎవలకూ ఇంగ్లీషు రాదు. మా బాపు ఎప్పుడస్తడో ఇండ్ల రాసి ఉన్నదా?"

అది వాళ్ళ నాన్న రిమాండు కాయితం. ఆయన కౌలు రైతు. మూడెకరాల చెలకలో పత్తి వేసి, మధ్యమధ్య కంది సాళ్ళు పెట్టాడు. ఆ కంది సాళ్ళలో తొమ్మిది గంజాయి మొక్కలు దొరికాయి. వేళ్ళతో సహా పీకి తూస్తే ఇరవైఒక్క కిలోలు వచ్చాయట. కాయితంలో కథ అంతే. మిగిలిందంతా సెక్షన్ల అంకెలు. నా ఇంగ్లీషు ఆ అంకెల దగ్గర ఆగిపోయింది. "రేపు చెప్తానమ్మా" అన్నాను. ఆ రేపు చెప్పటానికి ముందు చట్టం పుస్తకం కొనవలసివచ్చింది. తర్వాత ఆ చట్టానికి ముందున్న చట్టాలు, వాటికి ముందున్న నివేదికలు చదవవలసివచ్చింది. చదువుతుంటే మా తాత గుర్తొచ్చాడు.

నా చిన్నప్పుడు, 1980ల చివరి సంవత్సరాల్లో, వరంగల్ జిల్లాలోని మా ఊళ్ళో మా తాత పెరట్లో పశువుల కొట్టం వెనక ఒక గంజాయి మొక్క ఉండేది. ఎవరూ నాటింది కాదు. ఏ బైరాగి జోలెలోంచి రాలిన విత్తనమో అని నాయనమ్మ అనేది. ఎద్దుకు పారుడు పట్టినప్పుడు దాని ఆకు నూరి బెల్లంలో పెట్టి తినిపించేవాడు తాత. ఊళ్ళో అవసరమైన మరో నలుగురు వచ్చి కోసుకుపోయేవారు. అది అంతకు మించి పనికొచ్చిన గుర్తు నాకు లేదు. ఒక సాయంత్రం మస్కూరి వచ్చి గడపలో కూచున్నాడు.

"మామా, మీ పెరట్ల గంజాయి చెట్టు ఉన్నది గద, పీకెయ్యిండ్రి. కొత్త కానూను అచ్చిందట."

"కానూను ఆకుకా, చెట్టుకా?" అన్నాడు తాత.

"నాకేమెరుక? పీకెయ్యమన్నరు."

తాత పీకేశాడు. పీకే ముందు ఆకంతా దూసి ఎండబెట్టి చిక్కంలో పోసి దూలానికి వేలాడదీశాడు. చట్టం ఆకును ఏమీ అనదని ఆయనకెవరూ చెప్పలేదు. ఆకుకూ చెట్టుకూ తేడా ఉంటుందని తనంత తానే ఊహించుకున్నాడు. ముప్పై ఏళ్ళు దాటిన తర్వాత చట్టం పుస్తకం తెరిస్తే, మా తాత అడిగిన ప్రశ్న ఆ చట్టం మొదటి పేజీల్లోనే కూచుని ఉన్నది. కొంత జవాబు కూడా ఉన్నది. ఆ జవాబు మస్కూరి దాకా రాలేదు, అంతే.

మన సాహిత్యంలో ఈ మొక్క ప్రస్థానం గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. "గంజాయి వనంలో తులసి మొక్క" అనే సామెతను పిల్లల చేత వల్లె వేయించే మనం, అందులోని "వనం" అనే మాటను ఎప్పుడూ పట్టించుకోలేదు. గంజాయి వనంగా పెరిగిన కాలమొకటి జనం కళ్ళెదుట లేకపోతే ఆ సామెత పుట్టదు. తెనాలి రామకృష్ణుడిదని చెప్పుకునే చాటుపద్యంలో, ఏనుగుల మంద దోమ గొంతులో దూరిన సమస్యను ఇచ్చినవాణ్ణి తిట్టటానికి మొదట వాడిన మాట గంజాయే. అంటే దాన్ని తాగటం ఎగతాళికి తగిన పని అన్న అభిప్రాయం సమాజంలో ఉన్నది. మొక్క పెరట్లో ఉంటే నేరమన్న ఊహ మాత్రం ఆ సాహిత్యంలో లేదు. వైద్య గ్రంథాల్లో దానికి "విజయ" అనే గౌరవనామం కూడా ఉన్నది. తాగుబోతును ఎగతాళి చెయ్యటం వేరు, మొక్కను నేరస్థురాలిని చెయ్యటం వేరు. ఈ రెండింటి మధ్య దూరాన్ని దాటించింది వలస పాలన. అదీ నైతిక కారణంతో కాదు, ఖజానా కారణంతో.

1893 మార్చిలో లండన్ కామన్స్ సభలో విలియం కెయిన్ అనే సభ్యుడు బెంగాల్లో గంజాయి వాడకం మీద ప్రశ్న లేవదీశాడు. ఆయన మద్యనిషేధ ఉద్యమకారుడు. ఆ ప్రశ్న ఫలితంగా భారత ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది. విచారణను బెంగాల్‌కు పరిమితం చెయ్యకుండా బ్రిటిషు ఇండియా అంతటికీ విస్తరింపజేసింది. మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షుడు. ఏడుగురు సభ్యుల్లో ముగ్గురు భారతీయులు. 1,193 మంది సాక్షులను విచారించి, 1894లో కమిషన్ నివేదిక ఇచ్చింది. ప్రభుత్వ నివేదికలంటే నాకు ఏమంత గౌరవం లేదు గాని, ఇది నిజంగా శ్రమపడి చేసిన పని. గంజాయి వల్లనే మతిభ్రమణ కలిగిందని పిచ్చాసుపత్రుల రిజిస్టర్లలో రాసి ఉన్న కేసులను ఒక్కొక్కటే తిరగతోడి, చాలావాటికి ఆధారం లేదని తేల్చారు. మితంగా వాడేవారికి చెప్పుకోదగ్గ హాని కనిపించలేదన్నారు. పూర్తి నిషేధం అవసరమూ కాదు, మంచిదీ కాదన్నారు.

నేడు గంజాయిని చట్టబద్ధం చెయ్యాలనేవాళ్ళంతా ఈ నివేదికను నెత్తిన పెట్టుకుంటారు. కాని వాళ్ళు సాధారణంగా ఇక్కడితో ఆపి పుస్తకం మూసేస్తారు. తర్వాతి పేజీల్లో సిఫార్సులున్నాయి. తగినంత పన్ను వెయ్యాలి. లైసెన్సు లేని సాగును ఆపాలి. సాగును కొన్ని చోట్లకే కుదించాలి. దుకాణాల సంఖ్యకూ, ఒక మనిషి దగ్గర ఉంచుకోదగిన పరిమాణానికీ హద్దు పెట్టాలి. అంటే తాగటానికి అభ్యంతరం లేదు, కొనుక్కుని తాగాలి. పెరట్లో ఒకటీ అరా మొక్క పెంచుకునేవాడు కమిషన్ కంటికి ఒక చిక్కుగా కనిపించాడు. ఆ చిక్కు ఆరోగ్యానికి సంబంధించింది కాదు. వాడు పన్ను కట్టడు, వాణ్ణి కనిపెట్టటం కష్టం, వాడి మొక్క లైసెన్సు దుకాణం బేరాన్ని చెడగొడుతుంది.

మద్రాసు రాష్ట్రంలో 1886 అబ్కారీ చట్టం అప్పటికే ఉన్నది. లైసెన్సు సాగు కొద్ది చోట్లకు పరిమితమైనప్పుడు, తెలుగునేల మీద ఆ పేరు మోసినవి నాటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలోని సంతరావూరు, దగ్గుబాడు ప్రాంతాలు. నేడు అటువైపు వెళ్ళేవారికి ఉప్పుమళ్ళు, పొగాకు, మిరప కనబడతాయి. ఒకప్పుడు అక్కడి రైతు ప్రభుత్వం చూస్తుండగా, ప్రభుత్వం లెక్క రాసుకుంటుండగా గంజాయి పండించాడు. అదే సమయంలో పక్క జిల్లాలో ఒక ముసలమ్మ లైసెన్సు లేకుండా నీళ్ళగాబు పక్కన పెంచుకున్న మొక్క తప్పు మొక్క. రెండూ ఒకే గింజ నుంచి మొలిచినవే.

నైజాము రాజ్యంలో ఉన్న మన వరంగల్‌కు మద్రాసు చట్టం వర్తించదు. అయినా మనకు ఈ తర్కం కొత్తది కాదు. గంజాయి కంటే పెద్ద ఉదాహరణ మన చెలకల్లోనే నిలబడి ఉన్నది. ఈతచెట్టు, తాటిచెట్టు. హైదరాబాదు రాజ్యపు 1316 ఫసలీ అబ్కారీ చట్టం కింద, రైతు తన పట్టా భూమి గట్టు మీద తనంతట తానే మొలిచిన తాడిని గీయటానికి సర్కారు అనుమతి కావలసివచ్చింది. ఫసలీ 1316 అంటే మన లెక్కలో సుమారు 1907. భూమి శిస్తు తర్వాత నిజాము ఖజానాకు అబ్కారీ పెద్ద ఆదాయం. కల్లు గీసే గౌండ్లాయన చెట్టు పన్ను కట్టాలి, గుత్తేదారు దయ మీద బతకాలి, కల్లును గుత్తేదారు చెప్పిన చోట పొయ్యాలి. చెట్టు రైతుది, మోకు గౌండ్లాయనది, ప్రాణం గౌండ్లాయనది, కల్లు మాత్రం సర్కారుది. బొమ్మగాని ధర్మభిక్షం వంటివారు గీత కార్మికుల సంఘాలు కట్టినప్పుడు గీసేవాడికే చెట్టు అన్న నినాదం అంత బలంగా పలకటానికి కారణం ఇదే. అది మద్యం గురించిన నినాదం కాదు. తన చేతికింద పెరిగిన దాని మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న అది. గీత కార్మికులకు సంఘముంది, కులముంది, ఓటుంది. కాబట్టి దశాబ్దాల పోరాటం తర్వాత సహకార సంఘాలూ, గీసేవాడికి నేరుగా చెట్టు ఇచ్చే పద్ధతీ వచ్చాయి. ములుగు, ఏటూరునాగారం అడవుల్లో ఇంటికి సరిపడా ఇప్పసారా కాచుకునే కోయలకు 1996 పెసా చట్టం మత్తు పానీయాల మీద గ్రామసభకూ పంచాయతీకీ కొంత అధికారం ఉందని కాయితం మీదైనా చెప్పింది. గంజాయి ఆకు కోసుకునే మా తాతకు సంఘం లేదు. అతని తరఫున మాట్లాడటానికి ఎవరికైనా సిగ్గే.

ఇప్పుడు మస్కూరి చెప్పిన "కొత్త కానూను" దగ్గరికి వద్దాం. దాని మూలం ఢిల్లీలో కాదు, న్యూయార్కులో ఉన్నది. 1961లో అక్కడ మాదకద్రవ్యాల మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందం కుదిరింది. గంజాయిని నల్లమందు, హెరాయిన్‌ల సరసన కూచోబెట్టిన ఒప్పందమది. నిర్వచనం రాసేటప్పుడు మాత్రం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు అన్నారు. కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకులనూ, గింజలనూ బయట ఉంచారు. భంగు తాగే ఉత్తరాది ఆచారం ఈ సందులోంచి బతికి బయటపడింది. వైద్యేతర వాడకం సంప్రదాయంగా ఉన్న దేశాలకు దాన్ని మాన్పించటానికి ఇరవైఐదేళ్ళ గడువు కూడా ఇచ్చారు. ఒప్పందం 1964 డిసెంబరులో అమలుకు వచ్చింది. గడువు లెక్కగడితే 1989 డిసెంబరు.

గడువు ముంచుకొస్తుంటే 1985లో పార్లమెంటు మాదకద్రవ్యాల చట్టాన్ని చేసింది. ఆ ఏడాది సెప్టెంబరు 16న రాష్ట్రపతి ఆమోదం పొంది, నవంబరు 14 నుంచి అమలులోకి వచ్చింది. ఎన్‌డీపీఎస్ చట్టమని వార్తల్లో వినేది ఇదే. ఇందులో రెండో సెక్షన్ గంజాయిని నిర్వచిస్తూ ఒప్పందంలోని మాటలనే దించుకున్నది. గంజాయి అంటే పూత కొసలే, విడి ఆకు కాదు. కాని ఆ నిర్వచనానికి పక్కనే "గంజాయి మొక్క" అన్నదానికి వేరే నిర్వచనమున్నది. ఆ జాతికి చెందిన ఏ మొక్కయినా గంజాయి మొక్కే. ఎనిమిదో సెక్షన్ ఆ మొక్క సాగును నిషేధించింది. ఫలితమేమిటో పాఠకులు గమనించాలి. ఆకు ఈ చట్టం కింద గంజాయి కాదు. ఆ ఆకును కాసే మొక్కను పెంచటం మాత్రం నేరం. ఆకు మీద రాష్ట్రాల ఎక్సైజు చట్టాల పెత్తనం వేరే ఉన్నది గనుక ఆకైనా పూర్తిగా స్వేచ్ఛగా లేదు. తాత ప్రశ్నకు చట్టం జవాబిది: ఆకుకు కాదు, చెట్టుకు. చెట్టు లేకుండా ఆకు ఎక్కణ్ణుంచి వస్తుందని తాత మళ్ళీ అడిగి ఉండేవాడు.

ఇక అదే ఎనిమిదో సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉన్నది. వైద్య, శాస్త్ర అవసరాలు కాక ఇతర అవసరాలకు గంజాయి కోసం మొక్కను సాగు చెయ్యటం మీద, గంజాయిని అమ్మటం, వాడటం మీద నిషేధం, కేంద్ర ప్రభుత్వం గెజెట్‌లో విడిగా ప్రకటించిన తేదీ నుంచే అమలులోకి వస్తుందని. చట్టం ఒకరోజు పుట్టింది, అందులో ఒక ముక్క మరొక రోజు కోసం నిద్రపోయింది. పదో సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వాలకు గంజాయి మొక్క సాగును అనుమతించి నియంత్రించే అధికారాన్ని ఇచ్చింది. అంటే 1985 నవంబరు నుంచి గెజెట్ ప్రకటన దాకా లైసెన్సు ఉన్నవాడి సాగు ఒక రకం, లేనివాడి మొక్క మరో రకం. ఇవన్నీ తెలుసుకుని పెరట్లో మొక్కను ఉంచాలో పీకాలో నిర్ణయించుకోవలసినవాడు, గెజెట్ అన్న మాట జన్మలో వినని రైతు. మా ఊరి మస్కూరి "పీకెయ్యమన్నరు" అని తేల్చెయ్యటంలో తప్పేమీ లేదు. పల్లెల్లో పరివర్తన దశలన్నీ అట్లాగే తేలుతాయి.

1985లో గంజాయి మొక్క సాగుకు శిక్ష ఐదేళ్ళ దాకా కఠిన కారాగారం. 2001 సవరణ దాన్ని పదేళ్ళ దాకా పెంచింది. అదే సవరణ, దొరికిన సరుకు బరువును బట్టి శిక్షను అంతస్తులుగా విభజించింది. గంజాయి కిలో దాకా స్వల్ప పరిమాణం, ఇరవై కిలోలు దాటితే వ్యాపార పరిమాణం. వ్యాపార పరిమాణమైతే పదేళ్ళకు తగ్గని శిక్ష, ఇరవై దాకా. అందులో బెయిలు కావాలంటే ముద్దాయి నేరం చెయ్యలేదని నమ్మటానికి సహేతుకమైన కారణాలున్నాయని జడ్జికి తృప్తి కలగాలి. విచారణ మొదలు కాకముందే నిర్దోషిత్వాన్ని దాదాపు చూపించుకోవాలన్నమాట. మొక్క సాగుకు మాత్రం ఈ అంతస్తులు లేవు. పెరట్లో ఒక్క మొక్కకూ, లోయలో పదెకరాలకూ ఒకటే సెక్షన్, ఒకటే గరిష్ఠ శిక్ష. ఎంత వెయ్యాలన్నది జడ్జి విచక్షణ.

మరి మొక్కను పీకి తూస్తే? ఆ అమ్మాయి తెచ్చిన కాయితంలోని ఇరవైఒక్క కిలోల సంగతి ఇక్కడ తెలిసింది నాకు. చట్టం ప్రకారం గంజాయి అంటే పూత కొసలు. తూచింది కాండం, కొమ్మలు, ఆకులు, పచ్చిదనం, వేళ్ళకంటిన మట్టి. అన్నీ కలిపితే ఇరవై దాటింది. దాటింది గనుక వ్యాపార పరిమాణం సెక్షన్ కూడా చేరింది, బెయిలు తలుపు మూసుకున్నది. కొసలు వేరు చేసి తూచి ఉంటే ఆ అంకె ఎంతకు దిగేదో పొలం పని తెలిసిన ఎవరైనా చెప్పగలరు. ఆకులూ కాండాలూ కలిపి తూచారన్న వాదన మీద దేశంలోని హైకోర్టుల ముందుకు ఎన్నో బెయిలు దరఖాస్తులు వెళ్ళాయి, కొందరికి బెయిలూ దొరికింది. హైకోర్టు దాకా వెళ్ళగలిగినవాళ్ళకు. ఈ కౌలు రైతు పద్నాలుగు నెలలు లోపల ఉన్నాడు.

ఇంకొక సెక్షన్ ఉన్నది, యాభైనాలుగు. తాను సాగు చేసిన భూమిలో గంజాయి మొక్క కనిపిస్తే, అందుకు సరైన సంజాయిషీ చెప్పుకోలేకపోతే, నేరం చేశాడనే కోర్టు భావించవచ్చు. కాదని రుజువు చేసుకోవలసిన భారం ముద్దాయిది. నలభైఆరో సెక్షన్ ప్రకారం తన భూమిలో మొక్క ఉన్నదని తెలిసి చెప్పకపోయినా భూమి గలవాడిది నేరమే. నలభైఏడు ప్రకారం సర్పంచీ, గ్రామాధికారీ తమకు తెలిసింది వెంటనే చెప్పాలి. కంది సాళ్ళలో ఆ తొమ్మిది మొక్కలు ఆ రైతే పెట్టాడా, గింజ తెచ్చిన దళారి ఆశ చూపించి పెట్టించాడా, పక్క చేను తగాదా ఉన్నవాడు చల్లిపోయాడా అన్నది కోర్టు తేల్చవలసిన విషయం. నేను ఆయనను పులుకడిగిన ముత్యమని చెప్పటం లేదు. పత్తి ధర పడిపోయిన ఏడాది ఎవడైనా ఏమైనా చెయ్యవచ్చు. చెప్పేదేమిటంటే, కోర్టు తేల్చకముందే తేలిపోయినవి కొన్ని ఉన్నాయి.

2021 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం గంజాయి సాగు చేసే రైతులకు రైతుబంధు వంటి సహాయాలు ఆపేస్తామని ప్రకటించింది. అటవీ హక్కుల పట్టా భూమిలో సాగు చేస్తే ఆ పట్టానే రద్దు చేస్తామన్నది. శిక్షాస్మృతిలో లేని శిక్ష, తీర్పుతో పని లేని శిక్ష. అందులోనూ ఒక వింత ఉన్నది. రైతుబంధు పట్టాదారుకే వచ్చేది, కౌలుదారుకు రాదు. మా అమ్మాయి నాన్నకు ఆగిపోవటానికి అసలు రైతుబంధే లేదు. సహాయం అడిగితే చట్టం కంటికి ఆయన రైతు కాదు. మొక్క దొరికితే మాత్రం, యాభైనాలుగో సెక్షన్ మాటల్లో, "సాగు చేసినవాడు" ఆయనే. కౌలు రైతును రైతుగా గుర్తించిన చట్టం చూపించమని ఎవరైనా అడిగితే ఇకమీదట నేను ఈ సెక్షన్ చూపిస్తాను.

పెరళ్ళలోంచి పీకేసిన మొక్క మాయం కాలేదు. కొండెక్కింది. విశాఖ ఏజెన్సీలో, ఒడిశా సరిహద్దు లోయల్లో, రోడ్డు వెళ్ళని చోట, బయటి వ్యాపారి పెట్టుబడితో శీలావతి అనే పేరున్న రకం తోటలుగా పెరిగింది. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు "ఆపరేషన్ పరివర్తన" పేరుతో వేల ఎకరాల తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు రెండు లక్షల కిలోలు ఒకేచోట తగలబెట్టారు. ఆ సరుకు హైదరాబాదుకూ, మహారాష్ట్రకూ పోయే దారుల్లో భద్రాచలం, వరంగల్, కాజీపేట ఉన్నాయి. సంచీ మోసేవాడు పట్టుబడతాడు, సంచీ నింపినవాడు అరుదుగా. మా తాత మొక్కకు ధర లేదు. నేరమైన తర్వాతే ఆ మొక్కకు ధర వచ్చింది.

ఇక్కడ మిత్రులొకరు అడ్డుపడ్డారు. ఆయన కూడా ఉపాధ్యాయుడే. "తొమ్మిదో తరగతి పిల్లలు బడి వెనక ఏం పీలుస్తున్నారో నీకు తెలియదా? ఇప్పుడు నువ్వు గంజాయికి వకాల్తా పుచ్చుకుంటావా?" అన్నారు. తెలుసు. ఇద్దరు పిల్లలు చదువు మానటం నా కళ్ళతో చూశాను. పెరిగే వయసు మెదడుకు అది చేసే చెరుపును తక్కువ చేసి చెప్పేవాళ్ళంటే నాకు కోపం. కాని ఆ పిల్లలకు పొట్లం అందింది మా తాత పెరటి నుంచి కాదు, నలభై ఏళ్ళ నిషేధం పెంచి పోషించిన బజారు నుంచి. ఈ వాదనను ఆయన ఒప్పుకోలేదు. నేనూ ఆయన ఆందోళనను కొట్టిపారెయ్యలేదు. కౌలు రైతు పద్నాలుగు నెలల సంగతి ఎత్తినప్పుడు మాత్రం ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

ఇప్పుడు ప్రపంచం వెనక్కి నడుస్తున్నది. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్, అత్యంత ప్రమాదకరమైన వాటి జాబితా నుంచి గంజాయిని 27-25 ఓట్లతో తొలగించింది. అనుకూలంగా ఓటేసిన దేశాల్లో భారతదేశం ఒకటి. అక్కడ వేసిన ఓటు మన చెలకల దాకా రాలేదు. 1961లో ఒప్పందం వచ్చింది గాని, ఓటు రావటానికి దారి లేదు కాబోలు. చట్టబద్ధత వస్తున్న దేశాల్లోనైనా పెరటి మొక్క స్థితి ఏమిటని చూస్తే 1894 నాటి కమిషన్ నీడ కనిపిస్తుంది. వరంగల్ నుంచి వెళ్ళిన పిల్లలు వేలల్లో స్థిరపడిన న్యూజెర్సీ సంగతే తీసుకోండి. 2021 ఫిబ్రవరిలో అక్కడ పెద్దల వాడకాన్ని చట్టబద్ధం చేశారు. 2022 ఏప్రిల్లో దుకాణాలు తెరిచారు. ఆ చట్టం పెరట్లో ఒక్క మొక్కకు కూడా చోటివ్వలేదు. దుకాణంలో కొంటే పౌరుడు, కుండీలో పెంచితే నేరస్థుడు. పైగా కేంద్ర చట్టం దృష్టిలో అది అప్పుడూ నిషిద్ధమే. రాష్ట్రం ఒప్పుకున్నంత మాత్రాన పౌరసత్వ దరఖాస్తులో ఆ వాడకం మచ్చ కాకుండా పోదని అమెరికా వలస విభాగం 2019లోనే చెప్పింది. వీసా మీద బతికే మన పిల్లవాడికి దుకాణం తలుపు మీది "చట్టబద్ధం" అన్న బోర్డు వర్తించదు.

దక్షిణాఫ్రికా దారి వేరు. అక్కడ దుకాణం కంటే ముందు పెరడు గెలిచింది. 2018 సెప్టెంబరులో రాజ్యాంగ న్యాయస్థానం, పెద్దలు తమ ఏకాంతంలో సొంతానికి పెంచుకోవటం, వాడుకోవటం నేరం కాదన్నది. ఎన్ని మొక్కలో చెప్పలేదు. పార్లమెంటుకు రెండేళ్ళు గడువిచ్చింది. చట్టం మీద అధ్యక్షుడి సంతకం పడ్డది 2024 మేలో. మధ్యలో సుమారు ఆరేళ్ళు మొక్కల లెక్క గాలిలో ఉన్నది. థాయిలాండు మరీ విచిత్రం. 2022 జూన్‌లో నిషిద్ధ జాబితా నుంచి తీసేసి, ఇంట్లో పెంచుకొమ్మని జనాన్ని ప్రోత్సహించి, 2025 జూన్‌లో డాక్టరు చీటీ ఉంటేనే పువ్వు అమ్మాలన్నారు. జర్మనీ మాత్రం 2024 ఏప్రిల్ నుంచి పెద్దవాళ్ళకు మనిషికి మూడు మొక్కలని సూటిగా రాసింది. మూడు అనే అంకె గొప్పదని కాదు, చదువుకున్నవాడికీ చదువుకోనివాడికీ ఒకేలా అర్థమయ్యే అంకె అది.

మనదేశంలో ఉత్తరాఖండ్ 2018లో మత్తు తక్కువగా ఉండే పారిశ్రామిక జనుము రకం గంజాయి సాగుకు ప్రయోగాత్మకంగా అనుమతిచ్చింది. నార కోసం, గింజ కోసం. అనుమతి ముందు దక్కింది ఒక పరిశ్రమల సంఘానికి. ఆ కొండల్లో ఆ నారతో తరతరాలుగా తాళ్ళు పేనుకున్న రైతుకు నేరుగా కాదు. రేపు ఎప్పుడైనా మన దగ్గర కూడా చట్టం సడలితే మొదటి లైసెన్సు ఎవరి చేతికి వెళ్తుందో ఊహించటానికి జ్యోతిషం అక్కర్లేదు. సంతరావూరు గోదాముల కాలం నుంచి వరుస అదే. అప్పటికి ఈ తొమ్మిది మొక్కల కేసు తేలుతుందో లేదో. 2024 మొదట్లో బెయిలు మీద బయటికొచ్చిన ఆ రైతు మళ్ళీ కౌలుకు భూమి దొరక్క సుతారి పనికి పోతున్నాడు. వాయిదాలకు మాత్రం తప్పకుండా వెళ్తున్నాడు.

ఆ అమ్మాయికి నేను మరునాడు చెప్పాల్సింది నాలుగు రోజుల తర్వాత చెప్పాను. "బాపు ఎప్పుడస్తడో ఇందులో లేదమ్మా" అన్నాను. ఆ తర్వాత 2023 ఫిబ్రవరిలో ప్రీఫైనల్ పరీక్ష పెట్టాం. తెలుగు పేపరులో సామెతను సొంతవాక్యంలో ప్రయోగించమనే ప్రశ్న ఉన్నది. పేపరు బయటినుంచి వచ్చింది, నేను తయారు చేసింది కాదు. ఇచ్చిన సామెత గంజాయి వనంలో తులసి మొక్క. పర్యవేక్షణలో నేనే ఉన్నాను. ఆమె ఆ ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగి, అంకె వేసి, ఖాళీ వదిలి తర్వాతి ప్రశ్నకు వెళ్ళింది. పేపర్లు దిద్దుతూ ఆ ఖాళీ దగ్గర నేనూ ఆగాను. ఉన్న రెండు మార్కులూ వేశాను.